డిష్ మనమే సెట్ చేసుకోవడం: స్ట్రెంగ్త్ 80, క్వాలిటీ సున్నా

సున్నాక్వాలిటీ:
గాలివానకి డిష్ తిరిగిపోయింది. మెకానిక్ రేపు రేపు అంటూ నెట్టుకొస్తున్నాడు, ఇక లాభం లేదని నేనే ఎక్కాను. 60 సెంటీమీటర్ల మామూలు ఆఫ్‌సెట్ డిష్ (సిగ్నల్ పట్టే ముక్క నడిమికి ఎదురుగా కాక కిందివైపు ఉండే రకం). రిసీవర్ మెనూలో స్ట్రెంగ్త్ 80 దాకా చూపిస్తోంది, క్వాలిటీ మాత్రం సున్నా దగ్గరే కూర్చుంది, ఎటు తిప్పినా అంతే. ఎల్‌ఎన్‌బీ, అదే డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ పట్టే ముక్క, పోయిందంటారా? కొత్తది కొనే ముందు ఇక్కడ ఓ మాట అడుగుదామని.

తీగలబాబు:
ఎల్‌ఎన్‌బీ జోలికి ఇప్పుడే పోకండి. స్ట్రెంగ్త్ 80 చూపిస్తోందంటే కేబుల్లో కరెంటు వెళ్తోంది, ఎల్‌ఎన్‌బీ బతికే ఉంది, అంతవరకే అర్థం. డిష్‌ని గోడ వైపు తిప్పి పెట్టినా స్ట్రెంగ్త్ వస్తుంది, ఒక్కోసారి ఆకాశం వైపు పెట్టినప్పటికంటే ఎక్కువే వస్తుంది, ఎందుకంటే గోడ వేడికి పుట్టే రొదని కూడా ఎల్‌ఎన్‌బీ సిగ్నల్ లాగే లోపలికి పంపేస్తుంది. మీకు కావలసిన శాటిలైట్ దొరికిందని చెప్పేది క్వాలిటీ ఒక్కటే. ఆ రెండో గీత మీదే కన్నేసి పని చేయండి, మొదటిదాన్ని మర్చిపోండి.

ఇంకోటి, మెనూలో ఏ ట్రాన్స్‌పాండర్ (శాటిలైట్‌లో కొన్ని ఛానెళ్లని కలిపి పంపే భాగం) పెట్టుకుని చూస్తున్నారు? ఫ్రీక్వెన్సీ, సింబల్ రేట్ (డేటా వచ్చే వేగం), పోలరైజేషన్ (తరంగం నిలువుగా ఊగుతుందా అడ్డంగా ఊగుతుందా అనేది) ఈ మూడింట్లో ఏది తప్పినా డిష్ సరిగ్గా ఉన్నా సున్నాయే చూపిస్తుంది. ఇప్పుడు కచ్చితంగా నడుస్తున్న ట్రాన్స్‌పాండర్ ఒకటి చూసి అది పెట్టుకోండి, పాత లిస్టులో ఉన్నదాన్ని నమ్మొద్దు.

నిదానమేప్రధానం:
అందరూ ఎటు తిప్పాలో అడుగుతారు గానీ పైపు నిటారుగా ఉందా అని ఒక్కరూ చూడరు. గాలివానకి తిరిగిందంటున్నారు కదా, డిష్ ఒక్కటే తిరిగిందో పైపు కూడా ఒరిగిందో ముందు తేల్చుకోండి. స్పిరిట్ లెవెల్ లేకపోతే దారానికి బరువు కట్టి పైపు పక్కన వేలాడదీసి, ఒకసారి ముందు నుంచి, ఒకసారి పక్క నుంచి, రెండు వైపులా చూడాలి. పైపు ఒరిగి ఉంటే బ్రాకెట్ మీద ఉన్న డిగ్రీల అంకెలు అబద్ధం చెప్తాయి, పైగా డిష్‌ని పక్కకి తిప్పుతున్న కొద్దీ దాని ఎత్తు కూడా మీకు తెలియకుండానే మారిపోతూ ఉంటుంది. అలాంటి పైపు మీద ఎంతసేపు తిప్పినా దొరకదు, దొరికితే అదృష్టం.

రాత్రిషిఫ్ట్:
నిదానం గారి మాటకి నాదీ ఓటు. దానికి తోడు, మీరున్న చోటుకి ఆ శాటిలైట్ అజిమత్ (ఏ దిక్కున ఉంది), ఎలివేషన్ (నేల నుంచి ఎన్ని డిగ్రీలు పైకి ఉంది), స్క్యూ (ఎల్‌ఎన్‌బీని ఎంత తిప్పి పెట్టాలి) ఎంతో ముందు తెలుసుకోండి. ఊరి అక్షాంశం, రేఖాంశం ఇస్తే లెక్కేసి చెప్పే యాప్‌లు బోలెడు. ఈ టీవీ శాటిలైట్లన్నీ భూమధ్యరేఖకి పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఒకే వరసలో ఉంటాయి, పక్కపక్క వాటి మధ్య రెండు మూడు డిగ్రీలే తేడా ఉండొచ్చు, కాబట్టి సుమారుగా అటు అనుకుంటే పక్కదాన్ని పట్టుకుని కూర్చుంటారు.

ఆఫ్‌సెట్ డిష్ చూసి మోసపోకండి. అది నేరుగా ముందుకి చూస్తున్నట్టు కనిపిస్తుంది గానీ నిజానికి దానికంటే ఇరవై పైచిలుకు డిగ్రీలు పైకి చూస్తుంటుంది. శాటిలైట్ కిందికి ఉన్న చోట్ల డిష్ దాదాపు గోడలా నిలబడి ఉంటుంది, అది తప్పు కాదు. బ్రాకెట్ మీద అంకెల్లో ఆ తేడా సాధారణంగా కలిపే ఉంటుంది, మీరు మళ్లీ కలపక్కర్లేదు.

సున్నాక్వాలిటీ:
పైపు చూస్తాను. పక్కింటి డిష్ ఎటుందో చూసి అటే పెట్టాను, అది సరిపోదా?

తీగలబాబు:
వాళ్లు చూసే సర్వీసు వేరైతే శాటిలైట్ కూడా వేరే. ఒకటే అయినా కంటితో చూసి పెట్టేది ఐదారు డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతే.

ఎండమాపకుడు:
దిక్కు కోసం ఫోన్లో దిక్సూచి వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. ఇనుప పైపు, ఇనుప డిష్, రెయిలింగ్, ట్యాంకు స్టాండు, వీటి పక్కన పెట్టి చూస్తే ముల్లు ఎటు పడితే అటు లాగుతుంది. నాలుగడుగులు వెనక్కి వచ్చి, దూరంగా కనిపించే చెట్టునో స్తంభాన్నో గుర్తు పెట్టుకుని, దాని వైపు డిష్ తిప్పాలి. పైగా అయస్కాంత ఉత్తరం, అసలు ఉత్తరం ఒకటి కాదు, యాప్‌లో అసలు ఉత్తరం అనే సెట్టింగ్ ఉంటే పెట్టుకోండి.

నేనైతే దిక్సూచి మానేసి నీడ చూస్తాను. మీకు కావలసిన అజిమత్ మీదికి సూర్యుడు ఆ రోజు ఎన్ని గంటలకి వస్తాడో యాప్‌లో చూసి, సరిగ్గా ఆ నిమిషానికి పైపు నీడ నేల మీద సుద్దతో గీసుకోండి. నీడ ఎటు పడిందో దానికి సరిగ్గా ఎదురు దిక్కే శాటిలైట్ దిక్కు. ఇనుము ఉన్నా లేకపోయినా నీడకి పట్టదు.

రాత్రిషిఫ్ట్:
నీడ పద్ధతి బాగుంది గానీ అన్ని చోట్లా అన్ని నెలల్లో కుదరదు. భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్నవాళ్లకి ఏడాదిలో కొంతకాలం సూర్యుడు అవతలి వైపు నుంచి వెళ్తాడు, శాటిలైట్ ఉన్న దిక్కుకే రాడు. మబ్బు పడితే ఇక చెప్పేదే లేదు. దిక్సూచి మరీ అంత పనికిమాలినదేం కాదు, దూరంగా నిలబడి చూస్తే చాలు.

ఎండమాపకుడు:
ఒప్పుకుంటాను, పైపు పక్కనే నిలబడి ఫోన్ చూసేవాళ్ల కోసమే అంత గట్టిగా రాశాను.

మిల్లీమీటర్:
అసలు కష్టమంతా ఎంత కొంచెం తిప్పాలో తెలియకపోవడంలో ఉంది. లెక్క చెప్తాను. 60 సెంటీమీటర్ల డిష్ అంచుని 5 మిల్లీమీటర్లు జరిపితే దాదాపు ఒక డిగ్రీ. కేయూ బ్యాండ్‌లో, అంటే ఇలాంటి చిన్న డిష్‌లు పట్టే ఫ్రీక్వెన్సీల్లో, ఆ సైజు డిష్ చూపు వెడల్పు మూడు డిగ్రీల లోపే, అంటే నడిమి నుంచి డిగ్రీన్నర పక్కకి పోతే సగం బలం పోయినట్టే. పైపు మీద బిగించిన క్లాంపు దగ్గరైతే ఆ ఒక డిగ్రీ మిల్లీమీటర్లో మూడో వంతు కూడా దాటకపోవచ్చు, కంటికే ఆనదు. అందుకే పైపు మీదా క్లాంపు మీదా కలిసేలా పెన్సిల్‌తో సన్నటి గీత గీసుకోండి, ఎంత కదిలిందో అప్పుడే తెలుస్తుంది.

ఎలివేషన్ లెక్క ప్రకారం పెట్టి బిగించి, అజిమత్ బోల్టు డిష్ కష్టంగా తిరిగేంత మాత్రం వదులు చేసి, అంచు పట్టుకుని చిన్నగా నొక్కి ఆగండి. రిసీవర్ సిగ్నల్ పట్టి తెర మీద చూపించడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, సరైన చోటు దాటుకుని వెళ్లిపోతారు, తెర వాళ్లకి చెప్పేలోపు డిష్ అవతల ఉంటుంది. ఆ దారి మొత్తం తిరిగినా రాకపోతే ఎలివేషన్ ఒక డిగ్రీ పెంచి మళ్లీ మొదటి నుంచి రండి, తర్వాత ఒకటి తగ్గించి.

తీగలబాబు:
క్వాలిటీ వచ్చాక ఎక్కువ కనిపించిన చోట ఆపేయకండి. ఎడమ వైపు తిప్పుతూ పోతే క్వాలిటీ ఎక్కడ పడిపోతుందో అక్కడ గీత, కుడి వైపు ఎక్కడ పడిపోతుందో అక్కడ గీత, ఆ రెండింటికీ నడుమ పెట్టండి. ఎలివేషన్‌కీ అంతే.

చవకబేరం:
సిగ్నల్ ఫైండర్ మీటర్ ఒకటి కొనుక్కుంటే ఈ బాధ ఉండదు కదా? కూత పెడుతుంది, కిందికి పైకి తిరగక్కర్లేదు.

నిదానమేప్రధానం:
చవక మీటర్‌కి ఏ శాటిలైట్ అయినా ఒకటే, దేనికైనా కూస్తుంది. అది ఏదో శాటిలైట్ ఉందని చెప్తుంది, అదే మనది అని చెప్పదు. పైగా దాని బుడిపె ఎక్కువ తిప్పి పెడితే ఎటు చూసినా కూస్తూనే ఉంటుంది, ముల్లు కదలడం మొదలయ్యే దాకా తగ్గించి పెట్టుకోవాలి. నా ఓటు చిన్న టీవీ, రిసీవర్ రెండూ డిష్ దగ్గరికే తీసుకెళ్లడానికి. కుదరకపోతే ఇంట్లో ఒకరిని తెర ముందు కూర్చోబెట్టి ఫోన్లో అంకె చదివించుకోండి. వీడియో కాల్ అయితే ఇంకా మేలు, బావుంది బావుంది అనే మాటలతో పని లేదు, అంకె కనిపిస్తుంది.

సున్నాక్వాలిటీ:
పైపు నిజంగానే ఒరిగింది, దారం కడితే కళ్లకి కట్టినట్టు కనిపించింది. సరిచేసి, మిల్లీమీటర్ గారు చెప్పినట్టు ఆగి ఆగి తిప్పితే క్వాలిటీ 60 దాటింది! అయితే ఇప్పుడు కొత్త సమస్య, సగం ఛానెళ్లు వస్తున్నాయి, సగం నో సిగ్నల్.

తీగలబాబు:
సగం అన్నారంటే ఆ సగానిది ఏ పోలరైజేషనో చూడండి. నిలువు పోలరైజేషన్ కావాలంటే రిసీవర్ కేబుల్లో 13 వోల్టులు పంపుతుంది, అడ్డం కావాలంటే 18. రానివన్నీ అడ్డానివైతే, తుప్పు పట్టిన కనెక్టర్ వల్లో పాత కేబుల్ వల్లో 18 వోల్టులు ఎల్‌ఎన్‌బీ దాకా చేరట్లేదని అనుమానించొచ్చు. రానివి పై బ్యాండ్‌వైతే (ఎక్కువ ఫ్రీక్వెన్సీలవి) 22 కిలోహెర్ట్జ్ టోన్, అంటే పై బ్యాండ్‌కి మారమని ఎల్‌ఎన్‌బీకి రిసీవర్ పంపే సంకేతం, ఆన్‌లో ఉందో లేదో, ఎల్‌ఎన్‌బీ సెట్టింగ్‌లో కింది బ్యాండ్‌కి 9750, పై బ్యాండ్‌కి 10600 సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి.

రాత్రిషిఫ్ట్:
స్క్యూ కూడా. ఎల్‌ఎన్‌బీని దాని గొంతు దగ్గర కొద్దిగా తిప్పాలి, మీద గీతలు ఉంటాయి. యాప్ ఇచ్చే అంకె డిష్ ముందు నిలబడి చూసినదా వెనక నుంచి చూసినదా అనేది చదివి మరీ తిప్పండి, లేకపోతే సరిగ్గా ఎదురు వైపు తిప్పుతారు. సర్క్యులర్ పోలరైజేషన్ (తరంగం గుండ్రంగా తిరుగుతూ వచ్చేది) వాడే సర్వీసులకి ఈ గొడవే లేదు.

సున్నాక్వాలిటీ:
కనెక్టరే! విప్పి చూస్తే అల్లిక తీగలో ఒక వెంట్రుకంత పోగు నడిమి రాగి తీగకి ఆనీ ఆనకుండా ఉంది, రాగి మీద పచ్చగా చిలుము. కేబుల్ చివర కోసి కొత్త కనెక్టర్ పెట్టాను, అన్నీ వచ్చేశాయి.

తీగలబాబు:
కనెక్టర్ విప్పేటప్పుడు రిసీవర్ ప్లగ్ తీసేయడం మాత్రం మర్చిపోవద్దు, తీగలు తగిలితే రిసీవర్ పోవచ్చు. కనెక్టర్ ముందు కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పి కట్టండి, వాన నీళ్లు లోపలికి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

మిల్లీమీటర్:
బోల్టులు ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకండి, డిష్ అటు గుంజుకుంటుంది. మార్చి మార్చి కొంచెం కొంచెం బిగిస్తూ క్వాలిటీ అంకె పడిపోకుండా చూసుకోండి.

చవకబేరం:
నాది అంతా సరిగ్గా పెట్టినా క్వాలిటీ 35 దాటట్లేదు, చినుకు పడితే పోతోంది. డిష్ ఒకసారి కింద పడింది.

నిదానమేప్రధానం:
వంగి ఉంటుంది. అంచు నుంచి అంచుకి రెండు దారాలు అడ్డంగా నిలువుగా బిగుతుగా కట్టి చూడండి, నడుమ రెండూ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. మధ్యలో ఖాళీ కనిపించినా, ఒకటి రెండోదాన్ని నొక్కుతున్నా అంచు వంకరపోయినట్టే. దారాల్ని కిందా మీదా మార్చి కూడా ఒకసారి చూడాలి. చేత్తో వంచి సరిచేసేవాళ్లు ఉన్నారు గానీ నేనైతే రేకు మార్చేస్తాను.

చవకబేరం:
దారాల మధ్య చిటికెన వేలు దూరేంత ఖాళీ ఉంది. రేకు మారుస్తాను.