చెరువు బొమ్మలో నీళ్లు నీళ్లలా రావట్లేదు, దోబిన్యీ ఎలా వేశాడు?

నల్గొండ అమ్మాయి:
అందరికీ నమస్తే. ఆరు నెలలుగా ఆదివారం పొద్దున్నే పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద కూచొని వాటర్ కలర్స్‌తో చెరువు బొమ్మలు వేస్తున్నాను. చెట్లు, గుట్టలు బాగానే కుదురుతున్నాయి గానీ నీళ్ల దగ్గరికి వచ్చేసరికి నీలం దుప్పటి ఆరేసినట్టు అయిపోతోంది. ఈమధ్య షార్ల్ ఫ్రాన్సువా దోబిన్యీ అనే ఫ్రెంచ్ పెయింటర్ బొమ్మలు ఫోన్‌లో చూశాను. వాజ్ నది ఒడ్డున నాలుగు చెట్లు, కొన్ని బాతులు, అంతే. అయినా నీళ్ల చల్లదనం ఒంటికి తగులుతుంది. ఆయన చేసింది ఏంటి, నేను చేయనిది ఏంటి?

మహబూబ్‌నగర్ డ్రాయింగ్ సార్:
అమ్మా, ముందు కట్ట దిగు. దోబిన్యీ 1857లో ఒక పడవ మీద చిన్న గది కట్టించుకొని, అందులోనే వండుకుంటూ పడుకుంటూ నదుల మీద తిరుగుతూ బొమ్మలు వేశాడు. ఆయన కన్ను నీళ్లకు కొంచెమే పైన ఉండేది, అందుకే చాలా బొమ్మల్లో కింద అంతా నీళ్లు పరుచుకొని ఒడ్డు సన్నటి పట్టీలా కనపడుతుంది. కట్ట మీద నుంచి కిందికి చూస్తే దగ్గరి నీళ్లలో బురద రంగు కనిపిస్తుంది, అదే ఏటవాలుగా చూస్తే నీళ్లు అద్దమవుతాయి, ఆకాశాన్నీ చెట్లనూ చూపిస్తాయి. నీళ్లకు నీలం అనేది మన మనసులో ఉన్న రంగు, చెరువులో ఉన్నది కాదు.

దేవరకొండ నుంచి:
సార్ చెప్పింది నిజం అక్కా. నేను డిండి దగ్గర వేసేటప్పుడు తిప్పలు పడి నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. నల్లటి తాడిచెట్టు నీడ నీళ్లలో చెట్టంత నల్లగా ఉండదు, ఒక పిసరు లేతగా ఉంటుంది. తెల్ల కొంగ నీడ మాత్రం కొంగ కంటే కొంచెం మాసినట్టు ఉంటుంది. వస్తువునూ నీళ్లలో దాని నీడనూ ఒకే రంగుతో వేస్తే బొమ్మను తలకిందులుగా అతికించినట్టే ఉంటుంది.

మిర్యాలగూడ అన్న:
ఒక్క మాట. బొమ్మ పూర్తి కానట్టు ఉందని ఎవరన్నా అంటే బాధపడకు. దోబిన్యీని కూడా 1861లో గోతియే అనే విమర్శకుడు ఇంప్రెషన్‌తోనే, అంటే చూడగానే మనసులో పడే ముద్రతోనే, సరిపెట్టుకుంటున్నాడని తప్పుపట్టాడు. తర్వాత మోనే అనే ఫ్రెంచ్ పెయింటర్ కూడా పడవను స్టూడియో చేసుకొని నది మీద బొమ్మలు వేశాడు. 1870లో మోనే బొమ్మను సలోన్ అనే పారిస్‌లోని పెద్ద బొమ్మల ప్రదర్శనకు తీసుకోలేదని దోబిన్యీ ఎంపిక కమిటీలో నుంచే తప్పుకున్నాడు. నాకు ఆయన బొమ్మల కంటే ఈ పనే ఎక్కువ నచ్చుతుంది.

నల్గొండ అమ్మాయి:
అందరికీ థ్యాంక్స్. నిన్న కట్ట దిగి నీళ్ల అంచున కూచున్నాను. ఏడు గంటలకు నీళ్లలో నీలం లేనే లేదు, తుంగ పక్కన ముదురు పచ్చ, నడిమధ్యలో పాలలాంటి తెలుపు. చేపలు పట్టే మామ ఒకాయన వచ్చే ఆదివారం తెప్ప మీద కూచోబెడతానన్నాడు. కాగితం తడవకుండా ఎలా పట్టుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.