రిసెప్టర్ మోడల్ చూసి వాసన చెప్పొచ్చా?

వైట్‌ఫీల్డ్ వాసు:
మా టీమ్‌లో లంచ్ టైమ్‌లో రోజూ ఇదే గొడవ. ముక్కులోని రిసెప్టర్ల (వాసన అణువులను పట్టుకునే ప్రోటీన్ల) ఆకారాలు, ప్రోటీన్ ఆకారం ఊహించే ఏఐ ఆల్ఫాఫోల్డ్ ఇచ్చేసింది కదా, ఇక అణువులను డాకింగ్ (ఏ అణువు ఎలా ఇముడుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టడం) చేసుకుంటూ పోతే కొత్త సెంటు కంప్యూటర్‌లోనే తేలిపోతుందని నా వాదన. మా సీనియర్ కొట్టిపారేస్తున్నారు. బెంగళూరులో ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

హెబ్బాళ అక్క:
వాసు గారూ, మీ సీనియర్ వైపే నా ఓటు. మనిషికి పనిచేసే వాసన రిసెప్టర్లు దాదాపు 400. ఈ జన్యు కుటుంబం బయటపడింది 1991లో, లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ చేతుల్లో. వాసన అణువు పట్టుకుని ఉన్న మానవ రిసెప్టర్ నిర్మాణం చూడటానికి మాత్రం 2023 దాకా పట్టింది. అదీ ఓఆర్51ఇ2 అనే ఒక్కటి. మిగతావాటిలో దాదాపు అన్నిటికీ మీ దగ్గర ఉన్నది ఊహాచిత్రమే.

పైగా జాజి, మల్లె వాసనల్లో ఉండే బెంజైల్ ఎసిటేట్‌నే డాక్ చేసి చూడండి. చిన్న అణువు, హైడ్రోజన్ బంధానికి దొరికేది ఎస్టర్ ఆక్సిజన్లే. అది పాకెట్‌లో, అంటే రిసెప్టర్‌లో అణువు కూర్చునే గుంటలో, ఎటు తిరిగినా డాకింగ్ ఇచ్చే స్కోరు ఇంచుమించు అంతే వస్తుంది. ఏది నిజమని నమ్ముతారు? అతుక్కున్నది రిసెప్టర్‌ను మేల్కొల్పుతుందో, నోరు మూయిస్తుందో కూడా ఆ స్కోరు చెప్పదు.

డాకింగ్ దాసు:
అక్కా, మరీ అంత తీసిపారేయకండి. ఆ ఓఆర్51ఇ2లో ప్రొపియోనేట్ అనే వాసన అణువు ఆమ్లపు కొసను ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం పట్టుకుంది. పాకెట్ ఇరుకు, పొడవు తోకకు చోటు లేదు. గోడలోని పెద్ద అమైనో ఆమ్లాన్ని చిన్న అలనిన్‌గా మారిస్తే పొడవాటి కొవ్వు ఆమ్లాలకూ స్పందించింది. ఆకారం తెలిస్తే లెక్క కుదురుతుందనడానికి ఇంకేం కావాలి?

హెబ్బాళ అక్క:
కుదిరింది, ఒక్క ఆమ్లాల రిసెప్టర్‌కి. మనకున్న రిసెప్టర్లలో ఎక్కువ భాగం రెండో తరగతి అనే వేరే ఉపకుటుంబానివి, వాటికి ఆ ఆర్జినిన్ కథ వర్తించదు.

మల్లేశ్వరం మౌని:
అసలు రిసెప్టర్ గొడవ ఎందుకండీ? 2023లోనే అణువు నిర్మాణం చూసి వాసన చెప్పే న్యూరల్ నెట్‌వర్క్ సైన్స్ పత్రికలో వచ్చింది. దానికి ఒక్క రిసెప్టర్ కూడా అక్కర్లేదు.

డాకింగ్ దాసు:
అది ఒంటరి అణువుకి. కలిపిన సెంటులో ఒకటి ఇంకోదాన్ని అణచేస్తుంది, అప్పుడేం చెబుతుంది? ఓఆర్7డి4 జన్యువులో తేడా వల్ల ఆండ్రోస్టెనోన్ అనే అణువు ఒకరికి చెమట కంపు, ఇంకొకరికి దాదాపు ఏమీ కాదు. ఆ తేడా రిసెప్టర్‌లోనే ఉంది.

యశవంతపూర్ శీను:
ఈగలు వాసన పట్టే తీరు మీద ఒబైద్ సిద్దిఖీ, వెరోనికా రోడ్రిగ్స్ అనే శాస్త్రవేత్తలు ముందు ముంబై టీఐఎఫ్ఆర్‌లో, తర్వాత మన ఊళ్లోని ఎన్‌సీబీఎస్ పరిశోధన సంస్థలో ఎప్పుడో పనిచేశారు కదా, ఆ రిసెప్టర్లను నమూనాగా వాడొచ్చుగా?

హెబ్బాళ అక్క:
వాడకూడదు శీనూ. పురుగులవి అయాన్ ఛానెళ్లు, అంటే అయాన్లను కణంలోకి వదిలే ద్వారాలు; మనవి జీపీసీఆర్‌లు, అంటే కణం లోపలికి సంకేతం పంపే మరో రకం ప్రోటీన్లు. నిర్మాణమే వేరు.

వైట్‌ఫీల్డ్ వాసు:
సరే, సోమవారం మీటింగ్‌లో ఏం చూపించమంటారు?

హెబ్బాళ అక్క:
స్కోర్ల పట్టిక మాత్రం వద్దు. ఒక రిసెప్టర్‌ను నిజంగా మేల్కొల్పే అణువులు, మేల్కొల్పవని ప్రయోగంలో తేలినవి కలిపేసి, మీ మోడల్ వాటిని విడదీస్తుందేమో చూపించండి.

డాకింగ్ దాసు:
ఆ రెండో జాబితా ఎవరూ సరిగా అచ్చు వేయరు అక్కా, అక్కడే ఆగిపోతాం అందరం.