ఎముకలు గుల్లబారిన అమ్మకి కైరోప్రాక్టిక్ చేయించొచ్చా?

అందరికీ నమస్కారం. మేం డాలస్‌లో ఉంటాం. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మకి 68 ఏళ్లు, నడుం నొప్పి బాగా ఉంది. పొద్దున్నే మంచం దిగాలంటే ఒక పక్కకి తిరిగి, మోచేయి ఆనించి, మెల్లగా లేస్తోంది. తెలిసినవాళ్లు కైరోప్రాక్టర్‌కి, అంటే వెన్నెముకని, కీళ్లని చేతులతో నొక్కి సర్దే వైద్యుడికి, చూపించమంటున్నారు.

కొంత చదివాను. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాల్లో నడుం నొప్పికి మందుల్లేని చికిత్సల్లో వెన్నెముక మానిప్యులేషన్ (చేతులతో వెన్నెముకని నొక్కి, కుదిపి సర్దడం) కూడా ఉంది. కాకపోతే దానికి ఆధారాలు అంత బలంగా లేవని అందులోనే రాశారు. కైరోప్రాక్టర్ మెడని అలా కుదిపి తిప్పాక, మెడలోని రక్తనాళం చీలి స్ట్రోక్ వచ్చిన కేసులూ అరుదుగా ఉన్నాయి. 2008 నాటి ఒంటారియో (కెనడా) అధ్యయనం మాత్రం, మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లలోనూ స్ట్రోక్‌తో అలాంటి సంబంధమే కనిపించిందని చెప్పింది. నాళం అప్పటికే చీలి, ఆ నొప్పితోనే వాళ్లు వెళ్లి ఉండొచ్చట. ఈ మాట నాకు సబబుగానే తోచింది, అయినా అమ్మ మెడ ముట్టుకోనివ్వను.

నా అసలు భయం వేరే. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్‌లో అమ్మకి ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారడం) అని తేలింది. ఇక్కడ ఫిజియోథెరపిస్టులు, కైరోప్రాక్టర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి: ఇలాంటివాళ్లకి గట్టి కుదుపు లేకుండా చేసే పద్ధతులు నిజంగా పనిచేస్తాయా? లేక నేరుగా ఫిజియోథెరపీకే తీసుకెళ్లడం మేలా? మొదటి రోజే ఇరవై సిట్టింగ్‌ల ప్యాకేజీ కట్టమంటే ఏమనాలి?