వడ్డించాక ఫోన్ తీయడం తప్పా, కాదా?

పొయ్యిదగ్గర: నా మాట ఒక్కటే, వడ్డించాక ఫోన్ ముట్టుకోకూడదు. నిన్న గుడ్డు వేయించి పెట్టాను. అంచులు కరకరలాడుతున్నాయి, పచ్చసొన ఇంకా వణుకుతోంది. మా అమ్మాయి పళ్ళెం ఎత్తుకుని కిటికీ దగ్గరికి పోయింది. తిరిగొచ్చేసరికి సొన గడ్డకట్టింది.

కిటికీవెలుగు: కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మంచిపనే చేసిందండీ. వెలుతురు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు ఎక్కువ. మామూలు పసుపు బల్బు వెలుతురు 2700 కెల్విన్ దగ్గర ఉంటుంది, పగటి ఎండ 5500 చుట్టూ. బల్బు కింద తీస్తే తెల్లసొన కూడా పసుపుగానే పడుతుంది. ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది, అది వేస్తే నీడలు పోయి తిండి అట్టముక్కలా కనిపిస్తుంది. వెలుతురు పక్కనుంచి పడాలి. లెన్స్ తుడిచి తీస్తే పది సెకన్ల పని.

మూడోబల్ల: వెనకంతా మసకగా చేసే పోర్ట్రెయిట్ మోడ్‌లో గ్లాసు అంచు మాయమవుతోంది, ఎందుకు?

కిటికీవెలుగు: ఆ మసక చాలావరకు సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి వేసేదే. గాజు ఎక్కడ ముగిసిందో దానికి సరిగా తెలియదు. ఆ మోడ్ ఆపేయండి. ఫోన్ మరీ దగ్గర పెట్టకండి, పళ్ళెం సాగిపోతుంది.

పొయ్యిదగ్గర: నేను గుడ్డు అంటే మీరు గ్లాసు అంటారేమిటి? పది సెకన్లట! పద్నాలుగు ఫొటోలు తీసింది, నేను లెక్కపెట్టాను.

చిన్నమాట: లొకేషన్ ఆన్‌లో ఉంటే ఇల్లు ఎక్కడుందో ఫొటో ఫైల్లోనే నమోదవుతుంది. అది చూసుకుని పంపండి.

కిటికీవెలుగు: గుడ్డు చల్లారితే ఇంకోటి వేయించుకోవచ్చు. నేను దూరాన ఉన్నప్పుడు మా అమ్మ వండిందల్లా ఫొటో తీసి పంపేది. ఇప్పుడు ఆవిడ లేదు. ఒక ఫొటోలో పళ్ళెం అంచున ఆవిడ బొటనవేలు పడింది. చల్లారిపోతుందని ఆవిడ ఆగి ఉంటే నాకు అదీ మిగిలేది కాదు. ఊరికే ఫోన్‌ని తిట్టకండి.

పొయ్యిదగ్గర: మీ అమ్మ తన వంట తన బిడ్డకు పంపింది. మా అమ్మాయి నా వంట మూడొందలమందికి చూపించింది. కింద ఎవరో "నువ్వే చేశావా?" అని అడిగితే నవ్వుబొమ్మ పెట్టి ఊరుకుంది. "మా అమ్మ చేసింది" అని ఒక్క ముక్క రాయలేదు.

మూడోబల్ల: అయితే గొడవ గుడ్డుది కాదన్నమాట.

కిటికీవెలుగు: ఈ మాట మొదటే అనాల్సింది. అయినా అందులో ఫొటో తప్పేముంది? పేరు రాయమని అమ్మాయికి చెప్పండి.

పొయ్యిదగ్గర: అడిగి రాయించుకుంటే అది నాకెందుకండీ?