అప్‌డేట్: బంతిపువ్వు రంగు కుదిరింది

మొన్నటి ప్రశ్న ఇదీ: డబ్ల్యూఎస్2812బి స్ట్రిప్‌లో (ఒక్కో బల్బు రంగును కోడ్‌తో మార్చగల ఎల్‌ఈడీ పట్టీ) బంతిపూల నారింజ కోసం ఎరుపు 255, ఆకుపచ్చ 165, నీలం 0 (ఒక్కోటి 0 నుంచి 255 వరకు) ఇస్తే నిమ్మపండు పసుపు వస్తోంది, ఎందుకు?

కారణం గామా, అంటే ఇచ్చిన అంకెకూ తెర చూపే వెలుగుకూ మధ్య ఉండే వంపు లెక్క. ఆ అంకెలు కంప్యూటర్ తెర కోసం లెక్కించినవి. తెర 165ని దాదాపు 38 శాతం వెలుగుగానే చూపిస్తుంది; ఎల్‌ఈడీ మాత్రం నేరుగా 65 శాతం ఇచ్చేస్తుంది. అందుకే ఆకుపచ్చ మితిమీరుతోంది. 165ని 255తో భాగించి, 2.2 ఘాతానికి పెంచి, మళ్లీ 255తో గుణిస్తే 98. 255, 98, 0 పెట్టగానే అచ్చం బంతిపువ్వే! ఇంకా పసుపుగా అనిపిస్తే ఘాతం 2.8 చేయండి, 75 వస్తుంది.

మొత్తం బ్రైట్‌నెస్‌ను 255 నుంచి 10కి దించినప్పుడు మాత్రం జాగ్రత్త. దశాంశాలు పోయి ఎరుపు 10, ఆకుపచ్చ 3 మిగిలి రంగు ఎర్రబడుతుంది. మసక వెలుగుకు 10, 4, 0 అని విడిగా రాసుకోవడమే మేలు.

ఇంకో సమస్య: తెలుపు రంగు పెడితే స్ట్రిప్ చివర్లో ఎర్రబడటం. అది కోడ్ తప్పు కాదు, చివరికి చేరేసరికి వోల్టేజ్ పడిపోవడం. నీలం, ఆకుపచ్చలకు సుమారు 3 వోల్టులు కావాలి, ఎరుపుకు 2 చాలు. 5 మీటర్ల స్ట్రిప్‌కు రెండో చివర కూడా 5 వోల్టుల సరఫరా కలిపితే సరిపోయింది.