హంగేరియన్ డ్యాన్స్ నం. 5: నోట్స్‌లో ఒక శ్రుతి, ఆర్కెస్ట్రా రికార్డింగులో మరో శ్రుతి. ఎందుకు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అమ్మాయి కీబోర్డు నేర్చుకుంటోంది. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ రాసిన హంగేరియన్ డ్యాన్స్ నం. 5 ఆమె పుస్తకంలో ఎఫ్ షార్ప్ మైనర్ అనే శ్రుతిలో ఉంది. పాఠశాల వార్షికోత్సవంలో ఆర్కెస్ట్రా రికార్డింగు పెట్టి, దానితో పాటు వాయిస్తానంటోంది. కానీ రికార్డింగు ఒక కట్ట (అర స్వరం) పైన పలుకుతోంది. ఎవరైనా వేగం పెంచి ఎక్కించారా? పైగా ఫోనులో ఒక యాప్ టెంపో (నిమిషానికి దెబ్బలు) 70 అంటే మరొకటి 140 అంటోంది. నిర్వాహకులు ఇచ్చిన కాగితంలో టెంపో, కీ (శ్రుతి), మూడ్ అని మూడు గడులున్నాయి. మూడ్ దగ్గర యాప్ చెప్పినట్టు ‘విషాదం’ అని రాయాలంటే చెయ్యి రావడం లేదు. ఆ పాట వింటే ఎవరికి ఏడుపొస్తుంది?

జవాబు (కీబోర్డు ఉపాధ్యాయుడు)

వేగం ఎవరూ పెంచలేదండి. బ్రామ్స్ ఈ నృత్యాలను మొదట ఒకే పియానో మీద ఇద్దరు కలిసి వాయించేలా రాశారు. మొత్తం 21 ఉన్నాయి. తొలి పది 1869లో, మిగతావి 1880లో అచ్చయ్యాయి. అయిదోది పియానోకు ఎఫ్ షార్ప్ మైనరే, మీ పుస్తకం సరిగ్గానే ఉంది. వీటిలో బ్రామ్స్ స్వయంగా ఆర్కెస్ట్రాకు మార్చినవి 1, 3, 10 మాత్రమే. అయిదోదాన్ని ఇతరులు మార్చారు. ఎక్కువగా వినిపించేది మార్టిన్ ష్మెలింగ్ చేసిన రూపం, అది జి మైనర్‌లో ఉంటుంది. మన లెక్కలో నాలుగున్నర శ్రుతి నుంచి అయిదు శ్రుతికి జరిగిందన్నమాట. వయొలిన్‌కు జి, డి రెండూ వేలు పెట్టకుండానే మోగే వట్టి తీగలే కాబట్టి తీగ వాద్యాలకు ఇది సుఖమైన శ్రుతి.

అనుమానం తీరకపోతే వేరే వేరే ఆర్కెస్ట్రాలవి నాలుగు రికార్డింగులు వినండి. అర స్వరం పెరగాలంటే వేగం దాదాపు 6 శాతం పెంచాలి. అందరూ ఒకే మోతాదులో పెంచి ఉండరు కదా.

టెంపో సంగతి: ఇది రెండు దెబ్బల కొలత. ఒక యాప్ ప్రతి దెబ్బనూ లెక్కపెట్టింది, మరొకటి రెండు దెబ్బలను కలిపి ఒకటిగా పట్టింది. అందుకే ఒకటి మరొకదానికి సరిగ్గా రెట్టింపు. కానీ అసలు చిక్కు అది కాదు. ఈ రచన ఒక్క వేగంలో నడవదు. మొదట అల్లెగ్రో (చురుకైన వేగం), మధ్యలో వివాచే (ఇంకా హుషారైన వేగం). ఆ వివాచేలోనూ కాస్త నెమ్మదించడం, ఒక్కసారిగా మళ్లీ అందుకోవడం. అలాంటి చోట్ల యాప్ సగటు తీసి ఏదో అంకె పడేస్తుంది. ఆ అంకెను మెట్రోనోమ్‌లో పెట్టి సాధన చేయిస్తే అమ్మాయి రెండో నిమిషానికే రికార్డింగుకు దూరమవుతుంది. గడిలో ‘అల్లెగ్రో, మధ్యలో వివాచే, వేగం మారుతూ ఉంటుంది’ అని రాయండి. ఆ కాగితం చూసి లైట్లు వేసేవారికి అంకె కన్నా అదే పనికొస్తుంది.

జవాబు (కర్ణాటక వయొలిన్ వాయించేవారు)

మూడ్ గురించి ఒక మాట. మైనర్ అనగానే విషాదం అనుకోవడం యంత్రాల అలవాటు. జిని షడ్జంగా పెట్టుకుని మొదటి వాక్యం పాడి చూడండి: మంద్ర పంచమం నుంచి షడ్జం, సాధారణ గాంధారం, మళ్లీ షడ్జం, తర్వాత కాకలి నిషాదం, షడ్జ రిషభాలు తాకి షడ్జం మీద నిలుస్తుంది. నాలుగు కొలతలు, ఎనిమిది దెబ్బలు, ఒక ఆది తాళ ఆవర్తనంలో సరిగ్గా ఒదుగుతుంది. ఆ కాకలి నిషాదం షడ్జాన్ని లాగే తీరు మనకు కీరవాణి రాగంగా చెవిన పడుతుంది. కీరవాణిలో మన సినిమాల్లో హుషారు పాటలు లేవా? మధ్యభాగం మేజర్‌కు మారినప్పుడు గాంధారం అంతర గాంధారమవుతుంది, అంటే శంకరాభరణం ఛాయ.

నన్నడిగితే మొదటి భాగానికి ‘గర్వం, బరువైన అడుగు’ అని, మధ్యభాగానికి ‘ఆటపట్టింపు’ అని రాస్తాను. దీని మూలం బేలా కేలర్ అనే స్వరకర్త రాసిన ‘చార్దాష్’. నెమ్మదిగా మొదలై వేగమెత్తే హంగేరీ నృత్యం అది. తెలిసిన జానపద బాణీ అనుకుని బ్రామ్స్ వాడుకున్నారని చెబుతారు.

మరో సభ్యుడు

హంగేరియన్ మైనర్ అంటే సింహేంద్రమధ్యమం స్వరాలే కదా? మరి ఇది ఆ రాగం కాదా?

జవాబు (కర్ణాటక వయొలిన్ వాయించేవారు)

పాశ్చాత్యులు ఆ పేరుతో పిలిచే స్కేలు సింహేంద్రమధ్యమంతో కలుస్తుంది, నిజమే. కానీ పేరులో హంగేరీ ఉన్న ప్రతి రచనా ఆ స్కేలులో ఉండాలని లేదు. పైన చెప్పిన వాక్యంలో మధ్యమమే రాదు, సింహేంద్రమధ్యమానికి గుర్తయిన ‘ప్రతిమధ్యమం’ అనే స్వరాన్ని వెతుక్కోవడానికి చోటెక్కడుంది?

ప్రశ్న అడిగినవారు

చాలా సంతోషం. మరి అమ్మాయి ఇప్పుడు మొత్తం జి మైనర్‌లో కొత్తగా నేర్చుకోవాలా? పది రోజులే ఉంది.

జవాబు (కీబోర్డు ఉపాధ్యాయుడు)

అక్కర్లేదు. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ +1 పెట్టండి. వేళ్లు పుస్తకంలో ఉన్నట్టే ఎఫ్ షార్ప్ మైనర్ వాయిస్తాయి, శబ్దం జి మైనర్‌లో వస్తుంది. అప్పటికీ సన్నటి అపశ్రుతి వినిపిస్తే ట్యూనింగ్ అమరిక చూడండి. కీబోర్డు ఎ స్వరాన్ని 440 హెర్ట్జ్‌కు కట్టుకుని వస్తుంది. యూరప్ ఆర్కెస్ట్రాలు చాలావరకు 442కో 443కో కట్టుకుంటాయి. రికార్డింగు పెట్టి, ఒక పొడుగాటి స్వరం దగ్గర సరిచూస్తూ 442 దాకా జరపండి.

ఇక వివాచేలో రికార్డింగును తరుముతూ వాయించమని అమ్మాయిని ఒత్తిడి చేయకండి. రికార్డింగులో ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ చెయ్యి కనిపించదు, చెవితో పట్టుకోవడం పెద్దవాళ్లకే కష్టం. ఆ భాగం రికార్డింగుకే వదిలేసి, మొదటి బాణీ తిరిగి వచ్చినప్పుడు కలిస్తే చాలు. ఆ చోటు ఏ నిమిషం, ఏ సెకనులో వస్తుందో నోట్స్ మీద పెన్సిల్‌తో రాసి ఉంచండి. స్పీకరును ప్రేక్షకుల వైపు ఒకటి, అమ్మాయి వైపు ఒకటి పెట్టమని ముందే అడగండి. వేదిక మీద తనకు వినపడకపోతే ఈ లెక్కలేవీ పనిచేయవు.