ఎక్సైన్ ఎవరు కడతారు, టపీటమా రేణువా?

బైపీసీ_బెంచ్: అన్నా పుప్పొడి బయటి గోడ, అదే ఎక్సైన్, రేణువే కట్టుకుంటుందా, పుప్పొడి సంచి లోపలి పోషక పొర టపీటం కడుతుందా, నోట్స్‌లో రెండూ ఉన్నాయి, బుర్ర తిరుగుతోంది

మందారం_ఫ్యాన్: రెండూ కరెక్టే తమ్ముడూ. మియోసిస్ (క్రోమోజోములు సగమయ్యే కణ విభజన) అయ్యాక నాలుగు మైక్రోస్పోర్లూ, అంటే రేణువులు కాబోయే కణాలు, కాలోజ్ అనే చక్కెరల గొలుసు పొరలో ఇరుక్కుని ఉంటాయి కదా, అప్పుడే ఒక్కోటీ తన చుట్టూ ప్రైమెక్సైన్ అనే తొలి అచ్చు పొర వేసుకుంటుంది, డిజైన్ చాలావరకు అక్కడే ఫిక్స్. తర్వాత టపీటం ఎంజైమ్ వదిలి కాలోజ్‌ని కరిగించేసి ఎక్సైన్‌ని గట్టిపరిచే స్పోరోపొలెనిన్ సరుకు కూడా తనే పంపిస్తుంది. ప్లాను రేణువుది, సిమెంటు టపీటానిది అనుకో

ల్యాబ్_అక్క: లోపలి గోడ ఇంటైన్ మాత్రం రేణువు సొంతం, సెల్యులోజ్, పెక్టిన్. మందార పుప్పొడి మైక్రోస్కోప్ కింద చూడు, ఆ ముళ్లన్నీ ఎక్సైనే

బైపీసీ_బెంచ్: మరి టపీటం పాడైతే?

ల్యాబ్_అక్క: పుప్పొడి వట్టిపోతుంది. వరిలో కొన్ని మేల్ స్టెరైల్ (పనికొచ్చే పుప్పొడి రాని) లైన్లు అలా వచ్చినవే, సొంత పుప్పొడితో గింజ కట్టవు కాబట్టి హైబ్రిడ్ సీడ్ వాళ్లకి కావాల్సిందీ అదే 😄